జేబు

గంటస్తంభం నీడ మూడు దాటేక
మా కొట్టు మెట్టు మీదికి వొస్తుంది.
ఆవిడ మొదటిసారి ఆ నీడలోనే ఆగి
చెప్పులు విప్పింది.
దర్జీ కొట్లో చెప్పులెందుకమ్మా విప్పడం అంటే
"గుడ్డ కింద పడుతుంది కదా బాబూ" అంది.

కోరాడ సుభాషిణి.
ఇక్కడి ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి,
సముద్రం వొడ్డు పట్నానికి కాపురం మార్చి,
ఒక వార్డు గెలిచి, అన్ని వార్డులూ కలిసి
మేయరు కుర్చీలో కూచోబెట్టిన మనిషి.
అంత పట్నంలో దర్జీలే లేరా అని
మా నూర్జహాను కాజాలు కుడుతూ గొణిగింది.

కొలతల పుస్తకం, నలభై ఒకటో పేజీ:
భుజం పద్నాలుగున్నర. చెయ్యి ఇరవై.
ఎర్ర వెల్వెట్టు, జరీ అంచు.
అడుగున నా రాతలోనే ఒక వింత:
కుడిపక్క లోపల జేబు, లోతు తొమ్మిదంగుళాలు.

మేయరు గౌనుకి జేబేటమ్మా,
పక్కన బంట్రోతు ఉంటాడు కదా?
"బంట్రోతుకిచ్చిన కాగితం ఆఫీసుకి పోతుంది.
జేబులో పెడితే ఇంటికొస్తుంది."

అయిదేళ్లూ ఆవిణ్ణి పేపర్లోనే చూసేను.
చెత్త బళ్ల సమ్మెలో,
తుపాను మర్నాడు మోకాల్లోతు నీళ్లలో,
ఒకసారి కౌన్సిల్లో ఎవడో విసిరిన
ఖాళీ బిందె పక్కన.
ఫొటోల్లో నేను మొహం చూడను, కుట్టు చూస్తాను.
జేబు బరువుకి కుడిపక్క అంచు అరంగుళం దిగింది.
దిగితే దర్జీ తప్పంటుంది లోకం.

పదవి అయిపోయేక గౌను బాగుచేతకి వొచ్చింది.
జేబు అడుగు చిరిగి
లైనింగులోకి జారిపోయిన చీటీలు పదకొండు.
కొండవాలు పేట, కుళాయి.
పింఛను.
వీధి దీపం. వీధి దీపం. మళ్లీ అదే చేతిరాత, వీధి దీపం.
ఫోను చేసి చెప్పేను. చాలాసేపు మాటాడలేదు.
"తొమ్మిదంగుళాలు చాలలేదన్నమాట."
దారం పాతదమ్మా అన్నాను.
అబద్ధం. కొత్త రీలే.

ఏడాది తిరక్కుండా
మన జిల్లా యూనివర్సిటీకి పెద్దగా వొచ్చింది.
జీడితోటల మధ్య, బస్సు దిగి
రెండు మైళ్లు నడిచే యూనివర్సిటీ.
రాజకీయాల మనిషి మాకొద్దని మేష్టర్లు
నల్ల బ్యాడ్జీలు పెట్టేరు.
ఆ బ్యాడ్జీలూ నేనే కత్తిరించేను,
రెండు వందలు, బేరం లేదు.

మళ్లీ అదే మెట్టు. చెప్పులు విప్పి.
నల్ల గౌను, నీలం అంచు.
భుజం పద్నాలుగు. అర తగ్గింది.
జేబు మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు.
కాన్వాసు రెండు మడతలేసి కుట్టీసేను.

చెల్లెలి మనవరాలు షకీలా అక్కడే చదివేది.
హాస్టల్ మూడో అంతస్తుకి నీళ్లెక్కక
పిల్లలు గేటుకి అడ్డం కూచుంటే
రాత్రి పదకొండింటికి టార్చితో వొచ్చి
"వాల్వు ఎక్కడుంది?" అనడిగిందట.
ఇంజనీరు ఫైలు వెతుకుతూంటే
మడ్డిలో మోచేతిదాకా పెట్టి తిప్పిందట.
నీళ్లొచ్చేయా అన్నాను.
"వొచ్చేయి తాతా, రెండ్రోజులు."

ఏణ్ణర్థం.
పైన గాలి మారింది, హుకుం వొచ్చింది.
గౌను మనిషిది కాదు, కుర్చీది.
కొత్తాయన కొలతలు ప్యూను పట్టుకొచ్చేడు:
భుజం పద్దెనిమిది.
జేబు అక్కర్లేదు, మూసెయ్యమన్నారు.

లోపల చెయ్యి పెట్టేను.
అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి.
తీసి ఎవరికివ్వాలో తోచలేదు,
విప్పి చదవడానికి నేనెవర్ని?
నూర్జహాను నా వేపు చూసింది.
నేను సూది వేపు చూసేను.
అంగుళానికి పద్నాలుగు కుట్లు,
జేబు నోరు కుట్టీసేను.

స్నాతకోత్సవంలో కొత్తాయన
హుందాగా నడిచేరని పేపర్లో రాసేరు.
అద్దాలు తుడుచుకుని ఫొటో చూసేను.
కుడిపక్క అంచు కొంచెం దిగింది.
ఒక్క కాగితానికి అంత బరువుంటుందా,
దర్జీ తప్పే అయ్యుంటుంది.